లిస్బన్‌ను నడుస్తూ, తింటూ చూడటం ఎలా?

ఐరోపాలో ఒక్క ఊరికే వెళ్ళే వీలుంది, ఎక్కడికి వెళ్ళమంటారు అని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా లిస్బన్ పేరు చెబుతాను. పోర్చుగల్ రాజధానికీ మన ఇంటికీ పాత చుట్టరికం ఉంది. రోజూ మన నోట నలిగే అల్మారా, తువ్వాలు, మేస్త్రీ, బొత్తాం, అనాస అనే మాటలు పోర్చుగీసు నుంచి వచ్చినవే. పావ్ భాజీలోని ‘పావ్’ ఇక్కడివాళ్ళు రొట్టెను పిలిచే పేరు. ఇక మిరపకాయ సంగతి. అమెరికా ఖండంలో పుట్టిన ఆ మొక్కను పదహారో శతాబ్దంలో మన దేశానికి చేర్చినవి పోర్చుగీసు ఓడలు. అవి రాకముందు మన వంటల్లో కారమంటే ప్రధానంగా మిరియమే.

ప్రయాణాల్లో చాలామంది చూసే పనిని, తినే పనిని వేరు చేస్తారు. పగలంతా కట్టడాలు చూసి, ఆకలేసినప్పుడు ఎదురుగా ఏ హోటలుంటే అందులో కూర్చుంటారు. లిస్బన్‌లో అలా చేస్తే రెండూ సగమే దక్కుతాయి. ఇక్కడ ప్రతి వంటకానికీ ఒక చోటు, ఒక కథ ఉన్నాయి. ఏది ఎక్కడ పుట్టిందో అక్కడికి నడిచి వెళ్ళి, అక్కడే కొద్దిగా తిని, మళ్ళీ నడవాలి. మూడు రోజులు చాలు. నాలుగైతే తొందర లేకుండా తిరగవచ్చు.

మొదటి అడుగు: బయలుదేరే ముందు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో స్థిరపడినవారైనా, చేతిలో ఉన్నది భారతీయ పాస్‌పోర్టే అయితే ఈ వీసా తీసుకోవలసిందే.

ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు నడకకు అనుకూలం. జూలై, ఆగస్టుల్లో ఎండతోపాటు జనమూ ఎక్కువే. జూన్‌కు మాత్రం ఒక ప్రత్యేకత ఉంది, అది తర్వాత చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యంగా పట్టు ఉన్న రబ్బరు అడుగుల బూట్లు కొనుక్కోండి. ఏడు కొండల ఊరని లిస్బన్‌కు పేరు. ఆ కొండల మీది కాలిబాటలు తెల్ల సున్నపురాయి, నల్ల బసాల్టు ముక్కలను చేత్తో పేర్చి కట్టినవి. నక్షత్రాలు, అలలు, ఓడల బొమ్మలు తేలేలా పేరుస్తారు కాబట్టి చూడటానికి మన ముంగిట ముగ్గులా ఉంటాయి. కానీ లక్షల పాదాలకు అరిగి నున్నబడిన ఆ రాళ్ళ మీద నాలుగు చినుకులు పడితే సబ్బు మీద నడిచినట్టే. పెద్దవాళ్ళను తీసుకెళ్తుంటే ఈ మాట మరవకండి.

బస విషయంలో నాదొక సలహా. అల్ఫామా పేట ఫొటోల్లో ఎంత ముచ్చటగా ఉన్నా, అక్కడ గది తీసుకుంటే పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కాలి. కింద చదునుగా ఉండే బైషా పేటలో, లేదా మెట్రో స్టేషనుకు దగ్గరలో ఉండండి. మెట్రో విమానాశ్రయం దాకా ఉంది. స్టేషను యంత్రంలో ‘నవెగాంత్’ అనే కార్డు కొని అందులో డబ్బు వేసుకుంటే మెట్రో, బస్సు, ట్రాము అన్నిటికీ పనికొస్తుంది. మనిషికొక కార్డు ఉండాలి. ట్రాము ఎక్కాక డ్రైవరుకు డబ్బిచ్చి టికెట్టు తీసుకుంటే ధర బాగా ఎక్కువ పడుతుంది. జేబులో కొంత నగదు కూడా ఉంచుకోండి. చిన్న భోజనశాలలు కొన్ని విదేశీ కార్డులు తీసుకోవు.

నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళండి. పొద్దున ‘బొం దియ’, మధ్యాహ్నం ‘బోవ టార్ద్’, రాత్రి ‘బోవ నోయిత్’. ధన్యవాదం చెప్పేది మగవారైతే ‘ఒబ్రిగాదు’, ఆడవారైతే ‘ఒబ్రిగాద’. ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు పలకరింపు, ఆ తర్వాతే అడగడం. స్పానిష్ మాటలు వాడకండి. వాళ్ళకు అర్థమవుతాయి గానీ, తెలుగువాడిని పట్టుకుని తమిళంలో పలకరించినట్టుంటుంది.

రెండవ అడుగు: పొద్దున్నే కౌంటరు దగ్గర నిలబడండి

లిస్బన్ పొద్దు కౌంటరు దగ్గర మొదలవుతుంది. వీధికో ‘పష్టెలరీయ’ ఉంటుంది. మన ఊళ్ళో టిఫిన్ సెంటరు ఎలాగో అక్కడ అదలాగ. గాజు అరలో తీపి, ఉప్పు తినుబండారాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఆఫీసులకు వెళ్ళేవారు, ముసలివారు, భవన నిర్మాణ కూలీలు పక్కపక్కనే నిలబడి, చిన్న కప్పులో నల్లటి చిక్కని కాఫీ రెండు గుక్కల్లో తాగి వెళ్ళిపోతారు. ఆ కాఫీని ఈ ఊళ్ళో ‘బీక’ అంటారు. అది మనకు చేదనిపించవచ్చు. పాలు కలిపింది కావాలంటే ‘గలావ్’ అడగండి, పొడవాటి గాజు గ్లాసులో వస్తుంది. మన ఫిల్టరు కాఫీ నాలుక తృప్తిపడేది ‘మెయ ద లెయిత్’తో. సగం కాఫీ, సగం పాలు, కప్పులో ఇస్తారు.

ఒక ఉదయమైనా బల్ల దగ్గర కూర్చోకుండా కౌంటరు దగ్గరే నిలబడి తాగండి. పలుచోట్ల ధర కూడా తగ్గుతుంది. అసలు లాభం వేరే ఉంది. పక్కవారు ఏం అడుగుతున్నారో విని, అదే మీరూ అడగవచ్చు. నాలుగు రోజుల భోజనాలకు సరిపడా మాటలు నాకు ఆ కౌంటర్ల దగ్గరే దొరికాయి.

మూడవ అడుగు: ఒక పూటంతా బెలెంకు ఇవ్వండి

నగరం నడిబొడ్డు నుంచి పడమరగా, తేజు నది ఒడ్డునే వెళితే బెలెం వస్తుంది. 15 నంబరు ట్రాము గానీ, కైష్ దు సొద్రే స్టేషను నుంచి లోకల్ రైలు గానీ ఎక్కండి. రైల్లో రద్దీ తక్కువ. సోమవారం మాత్రం వెళ్ళకండి, జెరోనిముష్ మఠానికి ఆ రోజు సెలవు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే పొడవాటి వరుస తప్పుతుంది.

1497 జూలై 8న వాస్కో డ గామా ఓడలు ఈ తీరం నుంచే కదిలాయి. మరుసటి ఏడాది మే నెలలో కోళికోడు దగ్గర లంగరు దించాయి. 1501లో మొదలై దాదాపు వందేళ్ళు సాగిన ఈ మఠం కట్టడానికి డబ్బు ఎక్కడిదో తెలుసుకుని లోపలికి వెళ్ళండి. ఆసియా, ఆఫ్రికాల నుంచి వచ్చే సుగంధ ద్రవ్యాల వర్తకంలో వచ్చిన దానిలో ఇరవయ్యో వంతును రాజు మనుయేల్ దీనికి కేటాయించాడు. దానికి ‘మిరియాల ఇరవయ్యో వంతు’ అనే పేరే పడింది. లేత తేనె రంగులో మెరిసే ఆ స్తంభాల వెనుక మన పడమటి కనుమల మిరియపు తీగ ఉంది.

లోపలి ప్రాంగణంలో తొందరపడకండి. స్తంభాల మీద చెక్కిన తాళ్ళ పేటలు, ముడులు, సముద్రపు మొక్కలు దగ్గరగా నిలబడి చూడండి. ఓడ తాడును రాతిలోకి తెచ్చిన శిల్పుల పనితనమది. రెండేసి తంతువులు మెలిపడిన చోట వేలు పెడితే, లోతు నిజం తాడులాగే తగులుతుంది. చర్చిలో ప్రవేశద్వారం దగ్గర వాస్కో డ గామా సమాధి ఉంది. ఆయన 1524లో కొచ్చిలో చనిపోయాడు, అస్థికలను తర్వాత పోర్చుగల్ తెచ్చుకున్నారు. సమాధి ముందు నిలబడినప్పుడు, 1502 నాటి రెండవ యాత్రలో మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను ఇతను మనుషులతో సహా తగలబెట్టించాడన్న సంగతి నాకు గుర్తుకొచ్చింది. మీకూ గుర్తుండాలి. రాతి పని అందాన్ని అది తగ్గించదు, కానీ ఆ అందానికి ఎవరెవరు మూల్యం చెల్లించారో తెలిసి చూడటం మన బాధ్యత.

మఠం నుంచి బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే నీలం రంగు గుడారపు గుడ్డ వేలాడే దుకాణం కనిపిస్తుంది. పష్టెయిష్ ద బెలెం, 1837 నుంచి ఉంది. ఇక్కడ తినవలసింది గుడ్డు పచ్చసొనతో చేసిన అరచేతి బిళ్ళ. ఆ రోజుల్లో మఠాల్లో, కాన్వెంట్లలో బట్టలకు గంజి పెట్టడానికి గుడ్డు తెల్లసొన వాడేవారట. మిగిలిపోయిన పచ్చసొనకు చక్కెర కలిపి మిఠాయిలు చేయడం అలా అలవాటైందని అంటారు. 1834లో ప్రభుత్వం మఠాలను మూసేసినప్పుడు, జెరోనిముష్ మఠపు వంటకం పక్కనున్న చక్కెర కార్ఖానా మనుషుల చేతికి వచ్చింది. ‘బెలెం’ పేరు ఈ ఒక్క దుకాణానిదే. ఊళ్ళో మిగతా అన్నిచోట్లా దీన్ని ‘పష్టెల్ ద నాట’ అంటారు.

వీధిలోకి పాకిన వరుస చూసి వెనుదిరగకండి. అది కట్టించుకుని తీసుకెళ్ళేవారి వరుస. లోపల గదుల వెనుక గదులున్నాయి, కూర్చుని తినేవారికి చాలాసార్లు త్వరగానే చోటు దొరుకుతుంది. వేడి బిళ్ళ వచ్చాక ముందు దాల్చినచెక్క పొడి, తర్వాత చక్కెర పొడి చల్లుకోండి. పైన అక్కడక్కడా నల్లగా మాడిన మచ్చలుంటాయి, అవి ఉండాలి. చాలా వేడి పొయ్యిలో తక్కువ సేపు కాలిందనడానికి అవే గుర్తు. మొదటి కొరుకుకు అంచు పొరలు పొరలుగా, మన కాకినాడ కాజా పైపొర విరిగినట్టు చప్పుడు చేస్తూ విరుగుతుంది. లోపలి మీగడ నాలుకకు వెచ్చగా, కాస్త జారుగా తగులుతుంది. మనిషికి రెండు తినండి. మూడోది తినాలనిపిస్తే రేపటికి ఉంచండి, మధ్యాహ్నం భోజనానికి కడుపులో చోటు కావాలి.

నది ఒడ్డునే ఇంకాస్త పడమరగా నడిస్తే బెలెం బురుజు వస్తుంది. పదహారో శతాబ్దపు తొలి దశకాల్లో నదీముఖానికి కాపలాగా కట్టారు. దీన్ని బయటినుంచి చూస్తేనే బాగుంటుందని నా అభిప్రాయం. లోపల ఇరుకు మెట్ల కోసం గంటసేపు ఎండలో నిలబడటం దండగ.

నాలుగవ అడుగు: మధ్యాహ్నం టాష్కలో భోంచేయండి

టాష్క అంటే కుటుంబం నడిపే చిన్న భోజనశాల. పది బల్లలు, కాగితం పరిచిన మేజాలు, గోడ మీదో గాజు తలుపు మీదో చేత్తో రాసి అంటించిన ఆనాటి వంటకాల జాబితా. మనకు కావలసింది ఇదే. రంగు ఫొటోలతో ఆరు భాషల్లో మెనూ పెట్టి, వాకిట నిలబడి లోపలికి రమ్మని పిలిచే చోట్లకు దూరంగా ఉండండి. మంచి టాష్కకు పిలుపు అక్కర్లేదు. పన్నెండున్నర దాటితే చుట్టుపక్కల పనిచేసేవారితో నిండిపోతుంది. మూడింటికి చాలాచోట్ల వంటిల్లు మూసేసి మళ్ళీ ఏడు తర్వాత తెరుస్తారు. అందుకని పన్నెండున్నరకే వెళ్ళి కూర్చోండి.

కూర్చోగానే మీరు అడగకుండానే రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న, ఒక్కోసారి చిన్న జున్ను ముద్ద తెచ్చి పెడతారు. దీన్ని ‘కోవేర్’ అంటారు. ఇది ఉచితం కాదు. ముట్టుకుంటే బిల్లులో పడుతుంది, ముట్టకపోతే పడదు. మొదటి రోజు నేనది ఆతిథ్యమనుకుని అంతా తిని, బిల్లు చూశాక తెలుసుకున్నాను. ఇందులో మోసం ఏమీ లేదు, అక్కడి పద్ధతి అది. వద్దనుకుంటే చిరునవ్వుతో ‘నావ్, ఒబ్రిగాదు’ అంటే తీసుకెళ్ళిపోతారు. అయితే ఆలివ్ కాయలను వదులుకోవద్దని నా మాట.

ఏం అడగాలి? ‘ప్రాతు దు దియ’, అంటే ఆ రోజు వంటకం. తాజాగా ఉంటుంది, ధరా తక్కువే. చాలాచోట్ల ‘దోజ్’ అంటే ఇద్దరికి సరిపోయేంత, ‘మెయ దోజ్’ అంటే సగం. ఒక్కరే ఉంటే సగమే చెప్పండి. నలుగురు వెళితే నాలుగు రకాలు సగం సగం తెప్పించుకుని పంచుకోండి.

చేపలు తినేవారు మొదట తినవలసింది బకల్యావ్. కాడ్ అనే చేపను ఉప్పు పట్టించి ఎండబెట్టినది. విచిత్రమేమిటంటే ఆ చేప పోర్చుగల్ సముద్రంలో దొరకదు. ఒకప్పుడు అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్ చలినీళ్ళ దాకా వెళ్ళి పట్టుకొచ్చేవారు, ఇప్పుడు ఎక్కువగా నార్వే నుంచి వస్తుంది. నెలల తరబడి సాగే ఓడ ప్రయాణాల్లో చెడని ఆహారం కావాలి. క్రైస్తవుల ఉపవాస దినాల్లో మాంసం కూడదు. ఈ రెండు అవసరాలూ కలిసి, తమ తీరంలో లేని చేపను జాతీయ వంటకం చేశాయి. క్రిస్మస్ ముందురాత్రి ఇంటింటా ఇదే వండుతారు.

తినేముందు ఒకసారి పచ్చిది చూడండి. నది దగ్గర రువ దు ఆర్సెనాల్ వీధిలో ఈ చేప అమ్మే పాత దుకాణాలున్నాయి. గొడుగులా విచ్చుకుని, పలకలా బిగుసుకుపోయిన చేపలు బల్ల మీద దొంతరగా ఉంటాయి. వాసన అచ్చం మన మచిలీపట్నం, కాకినాడ సంతల్లోని ఎండుచేపల వాసన. కోస్తాలో పుట్టినవారికి ఆ గుమ్మంలోనే ఇల్లు గుర్తొస్తుంది. ఇంటికి తీసుకెళ్ళి ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెడితే ఉప్పంతా దిగి, తెల్లటి రేకులుగా విడిపోతుంది.

మొదటిసారి తినేవారికి ‘బకల్యావ్ ఆ బ్రాష్’ సరైనది. చేప పీలికలు, అగ్గిపుల్లల్లా సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంప, ఉల్లిపాయ, వీటన్నిటినీ గుడ్డుతో కలిపి, పైన నల్ల ఆలివ్‌లు, పార్స్లీ ఆకు వేస్తారు. ముళ్ళు ఉండవు, పిల్లలు కూడా ఇష్టంగా తింటారు.

ఇంకో రెండు వంటకాలు మనవారి నాలుకకు ప్రత్యేకంగా నచ్చుతాయి. ఒకటి ‘అరోజ్ ద టొమాత్’, కాస్త జారుగా వండిన టమాటా అన్నం, వేయించిన చేపముక్కతో వస్తుంది. ఇంటికి దూరమై వారమైతే ఆ పళ్ళెం విలువ తెలుస్తుంది. రెండోది వెల్లుల్లి, ఆలివ్ నూనె, నిమ్మరసంతో వండిన ఆల్చిప్పలు. పోర్చుగీసువారు మిగతా పడమటి ఐరోపావారిలా కాకుండా కొత్తిమీరను చేతినిండా వాడతారు. మూత తీయగానే వచ్చే కొత్తిమీర వాసనకు పక్క బల్ల మీదివాళ్ళు కూడా తలతిప్పి చూస్తారు. కారం చాలకపోతే ‘పిరి-పిరి’ అడగండి. మిరపను నూనెలో నానబెట్టిన చిన్న సీసా తెచ్చిస్తారు.

బిల్లు దానంతటది రాదు. ‘ఆ కోంత, పోర్ ఫవోర్’ అని అడగాలి. టిప్పు తప్పనిసరి కాదు, సంతోషంగా అనిపిస్తే చిల్లర వదిలి రండి.

ఐదవ అడుగు: శాకాహారులైతే ఇలా అడగండి

లిస్బన్‌లో శాకాహారులకు పూర్తిగా సరిపడే కొత్త హోటళ్ళు చాలానే ఉన్నాయి. కానీ పాత టాష్కలో కూర్చోవాలంటే మెలకువ కావాలి. ‘వెజెటేరియానా’ అని ఊరుకుంటే చాలదు. ‘సెం కార్న్, సెం పెయిష్’ అనండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని అర్థం. దానితోపాటు ‘సెం ఫియాంబ్ర్, సెం షోరీసు’ అని కూడా చేర్చండి. పంది మాంసపు పలుచని ముక్కలను, సాసేజీని కొందరు మాంసం లెక్కలోనే వేయరు.

‘టోష్ట మిష్ట’ పేరు చూసి ఉత్త జున్ను రొట్టె అనుకోకండి, లోపల ఫియాంబ్ర్ ఉంటుంది. ‘టోష్ట ద కెయిజు’ అడిగితే జున్ను మాత్రమే పెడతారు. ‘కాల్దు వేర్ద్’ అనే ఆకుకూర సూపు బంగాళాదుంప గుజ్జులో సన్నగా తరిగిన ఆకు వేసి చేస్తారు, రుచిగా ఉంటుంది. దానిలో షోరీసు ముక్క తేలుతూ వస్తుంది కాబట్టి ముందే వద్దనాలి, రసం మాంసంతో కాచారేమో కూడా అడగాలి.

గుడ్డు తినేవారు ‘పెయిషీన్యుష్ ద ఓర్త’ తప్పక తినండి. పేరుకు తోటలోని చిన్న చేపలు అని అర్థం. నిజానికి అవి బీన్స్ బజ్జీలు. పొడవాటి చిక్కుడు కాయలను గోధుమపిండి జారులో ముంచి నూనెలో వేయిస్తారు. చూడటానికి చిన్న చేపల్లా ఉంటాయని ఆ పేరు. పదహారో శతాబ్దంలో జపాన్ వెళ్ళిన పోర్చుగీసువారి ఈ పద్ధతి నుంచే అక్కడి టెంపురా అనే వేపుడు వంటకం పుట్టిందని చెబుతారు. శనగపిండి కాకపోయినా, వేడివేడిగా ఉప్పు చల్లుకుని తింటుంటే మన సాయంత్రాలు గుర్తొస్తాయి. గుడ్డు కూడా ముట్టనివారు మాత్రం ఈ ఊరి మిఠాయిల విషయంలో జాగ్రత్తపడాలి. దాదాపు అన్నిటిలో పచ్చసొన ఉంటుంది. పైన దాల్చినచెక్క పొడితో గీతలు గీసిన ‘అరోజ్ దోస్’ మన పరమాన్నంలా కనిపించినా, దానిలోనూ చాలామంది సొన కలుపుతారు. అడిగి తినండి.

ఆరవ అడుగు: కొండలెక్కండి, కానీ తెలివిగా

పసుపు రంగు 28 నంబరు ట్రాము గురించి వినని యాత్రికుడు ఉండడు. మార్తీం మొనీజ్ దగ్గర ఎక్కాలని అందరూ బారులు తీరతారు. మీరు దాని రెండో కొస అయిన కాంపు ద ఓరిక్ వెళ్ళి, ఉదయం ఎనిమిదింటికే ఎక్కండి. కూర్చునే చోటు దొరుకుతుంది. చెక్క బల్లలు, ఇత్తడి పిడులు, గోడకు జానెడు దూరంలో మలుపు తిరుగుతూ ఎక్కే బండి. ఎవరింటి కిటికీలోని తులసికుండీనో చేత్తో తాకవచ్చనిపించేంత దగ్గరగా వెళుతుంది. రద్దీ వేళ ఇదే బండి జేబుదొంగలకు అడ్డా. సంచీని వీపు మీద కాకుండా గుండెల మీద వేసుకోండి, ఫోను ప్యాంటు వెనుక జేబులో పెట్టకండి.

పోర్తష్ దు సోల్ దగ్గర దిగండి. పక్కనే ఉన్న సాంత లుజియ చర్చి బయటి గోడ మీద నీలిరంగు పలకల చిత్రం ఉంది. ‘అజులేజు’ అనే ఈ మెరుగు పలకలు ఊరంతా కనిపిస్తాయి. ఈ చిత్రంలో ప్రత్యేకత ఏమిటంటే, అందులో నది ఒడ్డున కనిపించే రాజభవనం ఇప్పుడు లేదు. 1755 నవంబరు 1, సకల పునీతుల పండుగ ఉదయం. జనం చర్చిల్లో ఉండగా భూకంపం వచ్చింది. వెంటనే నదిలోంచి సునామీ కెరటాలు, ఆపై పండుగకు వెలిగించిన కొవ్వొత్తుల నుంచీ పొయ్యిల నుంచీ లేచిన మంటలు. రోజుల తరబడి ఊరు తగలబడింది. పలకల చిత్రం చూసి, వెంటనే తల తిప్పి కిందనున్న బైషా పేట చూడండి. గీత గీసినట్టు తిన్నగా ఉన్న ఆ వీధులు అప్పటి రాజు మంత్రి మార్కీష్ ద పొంబాల్ ఆధ్వర్యంలో మళ్ళీ కట్టినవి. గోడల లోపల అడ్డదిడ్డంగా బిగించిన చెక్క పంజరం పెట్టి, భూమి కదిలినా ఊగి నిలబడేలా కట్టారు. పాత రాజభవనం ఉన్న చౌకును ఊరివాళ్ళు ఇప్పటికీ ‘తెరైరు దు పాసు’, అంటే భవనపు వాకిలి అనే పిలుస్తారు. భవనం పోయి రెండున్నర శతాబ్దాలు దాటినా వాకిలి పేరు పోలేదు.

కిందికి దిగేటప్పుడు ట్రాము వద్దు, నడవండి. అల్ఫామా సందులు భూకంపానికి పెద్దగా చెక్కుచెదరలేదు, అందుకే అవి అలా వంకరటింకరగా మిగిలాయి. దారి తప్పినా భయం లేదు. దిగుతూ పోతే నది వస్తుంది. అటుపక్క మోరారియ పేటలో బంగ్లాదేశ్, నేపాల్, పంజాబ్ నుంచి వచ్చినవారి కిరాణా కొట్లు వరుసగా ఉంటాయి. పచ్చిమిర్చి, కరివేపాకు, పప్పులు అన్నీ దొరుకుతాయి.

ఈ నడకలో ఎక్కడైనా కాఫీ దుకాణంలో ఆగి ‘షమూస’ అడగండి. అది మన సమోసాయే. గోవా నుంచి ఈ ఊరు చేరి, పోర్చుగీసు తినుబండారాల అరలో చేపబిళ్ళల పక్కన సొంతింటి పిల్లలా కూర్చుంది. పొర పలుచగా, ఆకారం చదునుగా ఉంటుంది. లోపల ఎక్కువగా మాంసమే కూరుతారు, కూరగాయలది కావాలంటే ‘ద లెగుమ్ష్’ అనాలి. మన మిరప అటు నుంచి ఇటు వస్తే, మన సమోసా ఇటు నుంచి అటు వెళ్ళింది.

ఏడవ అడుగు: సాయంత్రం సావ్ దొమింగుష్ చౌకు

రొస్సీయు కూడలికి ఆనుకునే ఉంటుందీ చిన్న చౌకు. మూలన గుమ్మమంత వెడల్పున్న దుకాణంలో 1840 నుంచి ‘జింజీన్య’ అమ్ముతున్నారు. పుల్లటి చెర్రీలను సారాలో చక్కెరతో ఊరబెట్టి చేసిన ఎర్రటి మద్యం ఇది. చిన్న కప్పులో పోసేముందు ‘కోం ఎల ఓ సెం ఎల’ అని అడుగుతారు, పండుతోనా పండు లేకుండానా అని. మద్యం అలవాటున్నవారు ఒక్క కప్పు, పండుతోనే తీసుకోండి. లేనివారు ఊరికే నిలబడి చూసినా చాలు.

అదే చౌకులో నక్షత్రం చెక్కిన రాతి స్మారకం ఉంటుంది. 1506 ఏప్రిల్‌లో ఇక్కడి చర్చి దగ్గర మొదలైన మూకదాడిలో, బలవంతంగా మతం మార్చబడిన యూదులను పెద్ద సంఖ్యలో చంపేశారు. చర్చి లోపలికి కూడా వెళ్ళండి. 1959లో అగ్నిప్రమాదం జరిగితే పైకప్పు మళ్ళీ వేశారు కానీ, కాలి పగిలిన స్తంభాలను అలాగే వదిలేశారు. అయిదు నిమిషాలు బల్ల మీద కూర్చుంటే, ఊళ్ళో ఇంకే కట్టడమూ చెప్పని సంగతి ఈ మసిబారిన రాళ్ళు చెబుతాయి. నాకు లిస్బన్‌లో అన్నిటికంటే మనసులో నిలిచిపోయిన చోటు ఇదే.

ఎనిమిదవ అడుగు: ఫాదు వినేటప్పుడు

ఫాదు ఈ ఊరి పేటల్లో పుట్టిన పాట. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పన్నెండు తంతుల పోర్చుగీసు గిటారు, మామూలు గిటారు, ఒక గొంతు. మైకు ఉండదు. వినడానికి రెండు దారులున్నాయి. భోజనంతో కలిపి పాడించే పెద్ద ఇళ్ళలో ముందుగా బల్ల కేటాయించుకోవాలి, ఖర్చు ఎక్కువ. రెండోది ‘ఫాదు వాదియు’, ఆ పేటవాళ్ళే, ఒక్కోసారి వంటమనిషే ఏప్రాను విప్పి వచ్చి పాడే చిన్న టాష్కలు. నేను రెండోదానికే ఓటు వేస్తాను.

పాట మొదలవుతుందనగా దీపాలు తగ్గిస్తారు. ఆ క్షణం నుంచి మాట, చెంచా చప్పుడు, ఫోను వెలుగు ఏవీ ఉండకూడదు. వడ్డించేవారు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. త్యాగరాజ ఆరాధనలో కూర్చున్నట్టే కూర్చోండి. భాష తెలియకపోయినా, చివరి చరణంలో గాయని కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చి గొంతు ఎత్తినప్పుడు గదిలో ఊపిరి ఆగడం మీకే తెలుస్తుంది.

జూన్‌లో వెళితే

జూన్ 12 రాత్రి సాంతు అంతోనియు పండుగ. అల్ఫామా సందుల్లో ఇళ్ళ ముందే పొయ్యిలు పెట్టి సార్డీన్ చేపలు కాలుస్తారు. కాల్చిన చేపను రొట్టె ముక్క మీద పెట్టి ఇస్తారు. చేప తినేశాక నూనె పీల్చుకున్న ఆ రొట్టె తినడమే అసలు రుచి. చిన్న ఆకుల తులసిలాంటి ‘మంజెరీకు’ మొక్కను కుండీలో పెట్టి, కాగితపు పువ్వూ ఒక చిన్న పద్యమూ గుచ్చి ప్రియమైనవారికి ఇస్తారు. దాన్ని నేరుగా వాసన చూడకూడదు. అరచేతితో తాకి, ఆ చేతిని వాసన చూడాలి. నేరుగా ముక్కు పెడితే మొక్క వాడిపోతుందని వాళ్ళ నమ్మకం.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

పష్టెల్ ద నాట తెచ్చుకోవద్దు. ఒక్క రోజు దాటితే అంచు మెత్తబడిపోతుంది. బొమ్మల కాగితం చుట్టిన సార్డీన్ డబ్బాలు, ఆలివ్ నూనె సీసా నిక్షేపంగా వస్తాయి. ద్రవాలను చేతిసంచీలో పెట్టకండి.

పలకల విషయంలో ఒక వినతి. మంగళ, శనివారాల్లో జరిగే ఫైర ద లాద్ర అంగడిలో పాత అజులేజులు విడివిడిగా అమ్ముతుంటారు. వాటిలో కొన్ని ఇళ్ళ గోడల నుంచి దొంగతనంగా పెకిలించినవి. మనం కొన్నకొద్దీ ఇంకో గోడ బోసిపోతుంది. పాత పద్ధతిలోనే చేత్తో రంగులు వేసే పనివారు ఊళ్ళో ఇంకా ఉన్నారు. వారి దగ్గర కొత్త పలక ఒకటి కొనండి, వెనుక చేసినవారి గుర్తు ఉందో లేదో చూడండి. తువ్వాలులో రెండు మడతలు చుట్టి, పెట్టెలో బట్టల నడుమ పెడితే పగలకుండా ఇల్లు చేరుతుంది.